నదికి నేను కలిపిన సెంటీమీటర్లు

మా అమ్మాయి ఆదివారం ఉదయం చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చింది. అలా వచ్చిందంటే ఏదో ముంచుకొచ్చిందనే నాకు లెక్క. తలుపు గడియ తీసేలోపు ఉద్యోగం పోయిందా, ఒంట్లో బాగాలేదా, అల్లుడితో మాటామాటా అనుకున్నారా అని మూడు రకాలుగా అనుకుని, మూడింటికీ విడివిడిగా గుండె దడ తెచ్చుకున్నాను. అది మాత్రం తీరిగ్గా చెప్పులు విప్పి, ల్యాప్‌టాప్ సంచి వాళ్ల నాన్న కుట్టుమిషన్ పక్కన పెట్టి, "అమ్మా, టీ పెట్టు. నీతో నది గురించి మాట్లాడాలి" అంది.

"నదికేమైంది?"

"ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో అర్థం కాకే వచ్చాను."

 గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, వెలిగించడం మర్చిపోయి దాని ముందు నిలబడిపోయాను.

మా వీధి చివర నది మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో వంతెన. వంతెన మూడో స్తంభానికి మీటర్లూ సెంటీమీటర్లూ గీసిన తెల్లటి ఇనుప పలక బిగించి ఉంటుంది. దాన్ని గేజు అంటారు. రోజూ ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం అయిదింటికి మెట్లు దిగి, దానికి ఎదురుగా నిలబడి, నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి రిజిస్టరులో రాయాలి. అదే అంకె ఫోన్లో ఆఫీసుకి పంపాలి. పదకొండేళ్లుగా నా పని అదే. నా చదువు తొమ్మిదో తరగతి. ఇల్లు వంతెనకి దగ్గరనీ, పూట తప్పే మనిషిని కాననీ నాకు ఇచ్చారు. ఆఫీసులో నన్ను బ్రిడ్జి అమ్మ అంటారు. టైలరు పనిచేసే మా ఆయన సైరన్ అంటారు, అదీ నేను వింటుండగానే.

మా అమ్మాయి అదే నదుల ఆఫీసులో, నాలుగు గంటల ప్రయాణం ఉన్న పెద్ద ఊళ్లో పనిచేస్తుంది. నది పొడవునా గేజులు చదివేవాళ్లు పంపే అంకెలన్నీ చివరికి దాని బల్ల మీదకే చేరతాయి. నేను రాసింది నా కూతురు చదువుతుందని నలుగురికీ చెప్పుకునేదాన్ని.

టీ ఎలాగో అయింది. అది ల్యాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పింది. తెర మీద మూడు గీతలు ఉన్నాయి.

"ఈ ఎర్రది మనకి ఎగువన ఉన్న గేజు. ఈ నల్లది దిగువన ఉన్నది. మధ్యలో నీలం రంగుది నీది. ఏటా ఎండాకాలం అంకెలే తీసుకున్నాను. చూడు, పదకొండేళ్లలో ఎర్రది దిగింది, నల్లది దిగింది. నీది మునివేళ్ల మీద నిలబడింది."

"మన దగ్గర నీళ్లు బాగున్నాయేమో."

"ఎలా బాగుంటాయమ్మా? మునుపు నలభై రోజులు మెల్లగా పడే వాన ఇప్పుడు పదిహేను రోజుల్లో కుమ్మరించేస్తోంది. నేల తాగేలోపే దొర్లిపోతోంది. ఎండ ముందొస్తోంది, ఆలస్యంగా పోతోంది. భూమిలోకి దిగే నీళ్లు తగ్గాయి. ఎండాకాలంలో మన నదిలో పారేది వాన నీళ్లనుకుంటున్నావా? భూమిలోంచి ఊరి వచ్చేవి. మీ ఒడ్డునున్న కొలత బావులు రెండున్నర మీటర్లు దిగాయి. బావి దిగితే నది దిగాలి. రెండూ ఒకే నీళ్లు."

"అయితే ఇప్పుడేమంటావు?"

"ఎందుకో తెలీక, ఈ మలుపు గట్టిదని రిపోర్టు రాసేశాను. వాతావరణం మారినా తట్టుకుంటోందని. దాన్ని పట్టుకుని బుధవారం పంపుహౌసుకి అనుమతి ఇస్తున్నారు. కొత్త కాలనీ మొత్తానికి ఎండాకాలం నీళ్లు ఇక్కణ్ణుంచే తోడతారు. సంతకాలు ఒక్కటే మిగిలాయి."

పంపుహౌసు సంగతి నేను వినే ఉన్నాను. నది ఒడ్డున ముగ్గు పోసి కొలతలు వేయడమూ చూశాను. అది నా అంకెల మీద కట్టబోతున్నారని మాత్రం తెలియదు. నా అంకెలు నిజమైతే కాలనీకి నీళ్లొస్తాయి, నదికీ మిగులుతాయి. నిజం కాకపోతే నడి ఎండల్లో ఆ మోటార్లు మలుపుని నాకేస్తాయి. నదితోపాటు రెండు ఒడ్లలో బావులూ పోతాయి. మొదట పోయేది మా వీధి.

మా ఆయన అప్పటిదాకా బడి పంట్లాం అంచు మడిచి కుడుతూ, తనకి సంబంధం లేనట్టే మిషన్ తొక్కుతున్నారు.

"ఇంకో సంగతి" అంది అమ్మాయి. "రెండో ఏడు, ఇక్కడ. తొమ్మిది రోజులు నది ఉన్నట్టుండి అయిదు సెంటీమీటర్లు పడింది. పదో రోజు మళ్లీ లేచింది. వాన లేదు, ఏమీ లేదు. ఆ తొమ్మిది రోజులు ఎక్కడున్నావు?"

"రెండో ఏడంటే నీకు హాస్టల్లో టైఫాయిడ్ కదే. నీ దగ్గరే ఉన్నాను."

"ఆరో ఏడు పన్నెండు రోజులు. పది సెంటీమీటర్లు పడింది."

"పిన్నికి ఆపరేషను."

"పోయినేడు వారం రోజులు. పదిహేను."

"నా కన్ను."

అది నా మొహంలోకి చూసింది. "నువ్వు ఊరెళ్తే నది పడిపోతోందమ్మా. నువ్వు తిరిగొస్తే లేస్తోంది."

మిషన్ ఆగింది. "మీ అమ్మంటే దానికీ హడలే" అన్నారు మా ఆయన. 

"ఆ రోజుల్లో గేజు చదివింది నువ్వేనా నాన్నా?"

"నేనే. కనబడింది రాశాను. నడుము ముప్ఫై రెండుంటే ముప్ఫై రెండనే రాస్తాను. ముప్ఫై నాలుగని రాస్తే పంట్లాం జారిపోదూ."

ఇద్దరూ నా వైపు తిరిగారు. గ్లాసు కడగడానికి లేవబోయాను. మళ్లీ కూర్చున్నాను.

"నేను కలిపాను" అన్నాను.

పదకొండేళ్ల కిందట, ఆ పనిలో చేరిన మొదటి వానాకాలం. సాయంత్రం అయిదింటికి నీళ్లు మూడు మీటర్ల తొంభై రెండు దగ్గర ఉన్నాయి. నాలుగు మీటర్లు దాటితేనే ఆఫీసు వాళ్లు సైరన్ మోగిస్తారు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. ఎనిమిది సెంటీమీటర్లు తక్కువ, సైరన్ మోగలేదు. గంట తిరగకుండా కింది వీధిలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. సైకిళ్లు బాగుచేసే తాత మంచాన పడి ఉన్నాడు. మనవరాళ్లు మంచాన్ని బల్ల మీదకెక్కించి, దాని మీద ఆయన్ని కూర్చోబెట్టి, తాడు కోసం అరిచారు. ప్రాణం పోలేదు. కానీ ఆ మంచం కోళ్ల దగ్గర నీళ్లు ఊగడం నేను నా కళ్లతో చూశాను. తర్వాతి పూట గేజు దగ్గర నిలబడి, కనిపించిన దానికి అయిదు కలిపి రాశాను. ముందు మోగితే తిట్టుకుంటారు, అంతేగా అనుకున్నాను.

"వానాకాలంలో కలిపావు సరే. ఎండాకాలంలో ఎందుకు?" అంది అమ్మాయి.

"వానాకాలంలో కలిపి, తర్వాత మానేస్తే మధ్యలో మెట్టులా కనబడదూ? ఆఫీసులో ఎవరైనా పట్టుకుంటారని అప్పుడూ కలిపాను. తర్వాత వానలు పిచ్చిపిచ్చిగా పడటం మొదలైంది కదా. రాత్రి ఏమీ లేకుండా తెల్లారేసరికి మీటరు పెరిగేది. అయిదు చాలదనిపించి పది చేశాను. ఈ రెండేళ్లూ పదిహేను. బాగా భయమేసిన రోజున ఇంకొంచెం."

మా ఆయన పంట్లాం పక్కన పెట్టారు. "నది నీ కూతురి గౌను అనుకున్నావా, ఏటేటా పెరుగుతుందని వదులుగా కుట్టడానికి? అది చిక్కిపోతోందే."

అమ్మాయి అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అంది. "ఎండాకాలంలో నది మొత్తం ముప్ఫై సెంటీమీటర్లమ్మా. దానికి నువ్వు పదిహేను కలిపితే, మట్టంతో పాటు పారే వేగమూ, వెడల్పూ పెరుగుతాయి కనక లెక్కలో నీళ్లు రెట్టింపు పైనే అవుతాయి. లేని నదిని కాలనీకి పంచిపెట్టాం. దాని కింద నా పేరుంది."

ఆ సాయంత్రం అయిదింటికి ముగ్గురం వంతెన మెట్లు దిగాం. ఆఖరి నాలుగు మెట్లూ, ఎప్పుడూ నాచుతో జారేవి, ఎండిపోయి పెచ్చులు లేస్తున్నాయి. అవి ఎన్నాళ్ల నుంచి పొడిగా ఉన్నాయో నేను గమనించనేలేదు. కాళ్ల కింద చూసుకోకుండా జారిపోతానేమో అని మాత్రం రోజూ భయపడ్డాను.

"చదువు" అంది అమ్మాయి.

"ముప్ఫై ఒకటి."

అది తన ఫోన్ తీసి చూసింది. "ఉదయం నలభై ఆరు పంపావు. తొమ్మిది గంటల్లో పదిహేను సెంటీమీటర్లు ఎక్కడికెళ్లాయి?"

 అది మెట్టు మీద కూర్చుని, "నేనొకటి ఆలోచించాను. గేజు పలక బోల్టు వదులై కిందికి జారిందని రాస్తాను. జారితే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఎవరి తప్పూ కాదు. నీ జోలికి ఎవరూ రారు" అంది.

అది నన్ను కాపాడుదామని చూస్తోంది. నిజం చెప్తున్నాను, ఒక్క నిమిషం నాకు ప్రాణం లేచొచ్చింది. పలక జారిపోయింది, పాపం పలక, ఇంటికెళ్లి పడుకోవచ్చు. కానీ పదకొండేళ్లు ఆ పలకతో గడిపినదాన్ని, దాని గుణం నాకు తెలుసు.

"జారిన పలక రోజూ ఒకేలా తప్పు చెప్తుంది. నేను రోజుకోలా చెప్పాను. జారిందని రాస్తే వాళ్లేం చేస్తారు?"

"అన్ని రోజుల నుంచీ ఒకే అంకె తీసేస్తారు."

"అప్పుడు మొదటేళ్ల నది ఉన్నదానికంటే పడిపోతుంది, ఈ రెండేళ్ల నది ఉన్నదానికంటే లేస్తుంది. ఎంత తగ్గిందో ఎప్పటికీ తెలీదు. అదేగా నీకు కావలసింది?"

అది తలెత్తి చూసింది. నేనలా మాట్లాడతానని అది అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

"బుధవారం నేనొస్తాను. నేనే చెప్తాను."

"ఉద్యోగం పోతుందమ్మా. ఇంకా ఏమైనా అనొచ్చు. తప్పుడు రికార్డు రాయడమంటే మాటలు కాదు."

"తెలుసు" అన్నాను. పొద్దుట్నుంచీ మనసులో నన్ను నేను ఎన్ని జైళ్లకి పంపుకున్నానో దానికి తెలియదు. తెలియనవసరం లేదు. భయం లేకుండా పోవాలని కూర్చుంటే నేను ఎప్పటికీ బుధవారానికి చేరను. భయపడుతూనే వెళ్లడం నాకు వచ్చిన విద్య.

బుధవారం మా ఆయన దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో బస్సెక్కారు. మీటింగు పెద్ద ఊళ్లో కాదు, అరగంట దూరంలోని మా బ్రాంచి ఆఫీసులోనే. పర్సులో పది రోజుల బీపీ మాత్రలు పెట్టుకున్నాను. "అవెందుకు, మధ్యాహ్నానికి వచ్చేస్తాం కదా" అన్నారు.

"లోపల వేస్తే అక్కడ ఇస్తారో ఇవ్వరో."

"నిన్ను లోపల వేస్తే పాపం ఆ జైలరు సంగతేంటి? రోజూ తాళం సరిగ్గా పడిందా అని పదిసార్లు అడుగుతావు."

మీటింగు గదిలో పొడవాటి బల్ల, దాని మీద వరసగా నీళ్ల సీసాలు. ఒక పక్క ఆఫీసు వాళ్లు, ఇంకో పక్క కొత్త కాలనీ తరఫున ఒక టీచరమ్మ. మధ్యలో పెద్ద ఇంజనీరు. జుట్టంతా నెరిసి, సగం నిద్రలో ఉన్నట్టుంటారు గానీ ఆయన చెవినుంచి ఏదీ తప్పించుకోదని అమ్మాయి ముందే చెప్పింది.

నన్ను చూసి, "బ్రిడ్జి అమ్మ ఇక్కడుంటే బ్రిడ్జి దగ్గర ఎవరున్నారు?" అన్నారు.

"ఉదయంది చూసుకునే వచ్చాను సార్. ఇరవై తొమ్మిది. నిజం ఇరవై తొమ్మిది."

"నిజం ఇరవై తొమ్మిదేంటి?"

కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే నోరు పెగలదని తెలుసు. మొదటి వరద నుంచి మొన్నటి నలభై ఆరు దాకా చెప్పాను.  మధ్యలో రెండుసార్లు ఆగి, నీళ్లు తాగి మళ్లీ అందుకున్నాను. అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. దాని చెవులు ఎర్రబడ్డాయి.

మొదట టీచరమ్మ మాట్లాడింది. "రెండేళ్లుగా ఎదురుచూస్తున్నామండీ. పైపులు కూడా వచ్చేశాయి. తీరా సంతకం పెట్టే రోజున ఈవిడొచ్చి నది లేదంటే ఎలా? మా పిల్లలు నీళ్లు తాగొద్దా?"

"తాగాలమ్మా. నాకూ బిడ్డ ఉంది. అందుకే చెప్తున్నాను. నా అంకెలు నమ్మి పైపు వేస్తే మొదటి ఎండాకాలమే మీ కుళాయిలో గాలి వస్తుంది. మా బావులూ పోతాయి. అప్పుడు మీరూ మేమూ కలిసి నన్ను తిట్టుకోవాలి. ఆ తిట్లేవో ఇప్పుడే తిట్టండి, పడతాను."

ఆవిడ తిట్టలేదు. చేతిలో కాగితాలు సర్దుకుంటూ కూర్చుంది. ఆ సర్దడం చూస్తే తిట్టినా బాగుండేది అనిపించింది.

పెద్ద ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరేనమ్మా. చెప్పారు, మంచిది. ఇప్పుడు రికార్డంతా తిరగదోడలేం. సగటున పది కలిపారనుకుందాం. పదేసి తీసేసి పని కానిద్దాం."

"వద్దు సార్. పది మీరనుకున్నది. నేను కలిపింది కాదు."

"ఏ రోజు ఎంత కలిపారో ఎవరికి తెలుసు?"

"నాకు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. గోడవార బీరువాలోంచి నా పాత రిజిస్టరు ఒకటి తెప్పించి, మధ్యలోంచి తెరిచారు. "ఏడో ఏడు. అయిదో నెల పద్దెనిమిది, సాయంత్రం. అరవై ఒకటి రాశారు."

"ఆ రోజు అమ్మాయికి ఈ ఉద్యోగం ఇంటర్వ్యూ. పొద్దున వెళ్లింది, సాయంత్రం దాకా ఫోనెత్తలేదు. మామూలు పదికి ఇంకో నాలుగు కలిపాను."

అమ్మాయి ల్యాప్‌టాప్‌లో పై గేజు, కింది గేజు ఆ రోజు ఎంతున్నాయో చూసి, ఏవో లెక్కలు వేసి, "నలభై ఆరు, నలభై ఎనిమిది మధ్య ఉండాలి సార్. పధ్నాలుగు తీస్తే నలభై ఏడు" అంది. తర్వాత నా వైపు వంగి, ఎవరికీ వినబడకుండా, "నేను ఫోనెత్తకపోతే నదికి నాలుగు కలుపుతావా?" అంది.

"బస్సు బోల్తా పడిందనుకున్నానే."

ఇంకో పేజీ తెరిచారు. నేను రిజిస్టరు ఇటు తిప్పమని అడిగి నా అక్షరాలు చూశాను. పెన్ను అచ్చు వెనక పేజీ దాకా దిగింది. రిమార్కుల గడిలో 'పైన ఉరుములు' అని ఉంది. "పదహారు" అన్నాను. అమ్మాయి లెక్కలో పదిహేను వచ్చింది.

 పెద్ద ఇంజనీరు రిజిస్టరు మూశారు. "జ్ఞాపకం బాగానే ఉంది. ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. గుర్తులేని రోజు వస్తే ఏం చేస్తారు?"

"గుర్తులేదని చెప్తాను."

"చెప్పగలరా? ఖాళీ కనబడితే ఏదో ఒకటి వేసే చెయ్యి కదా మీది."

ఆ మాట సూదిలా దిగింది. మా ఆయన ఏదో అనబోతే మోచేత్తో ఆపాను. ఇంజనీరుగారు అన్నదాంట్లో అబద్ధం లేదు.

"చెప్తాను సార్" అన్నాను.

ఆ రోజు సంతకాలు జరగలేదు. ఒక ఏడాది పాటు నది అసలు మట్టం చూసి, పాత రికార్డు దిద్దాకే పంపుహౌసు మాట అన్నారు. కాలనీకి పైనున్న చెరువు నుంచి ఏర్పాటు చేస్తారట, చేస్తారో లేదో. టీచరమ్మ వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగి, "మీరు దిద్దడం తొందరగా కానివ్వండి" అంది. నన్ను గేజు పని నుంచి తీసేశారు. జైలు మాట ఎవరూ ఎత్తలేదు గానీ, వచ్చే నెల విచారణ ఉంటుందనీ, ఏం చేయాలో అప్పుడు తేలుస్తామనీ కాగితం ఇచ్చారు. అప్పటిదాకా గేజు చదివే పని మా ఆయనకి అప్పగించారు.

"ఒక్క నూలు పోగంత కూడా కలపను" అన్నారాయన, కొత్త పెన్ను జేబులో పెట్టుకుంటూ. రోజూ ఆయన వెనకే వెళ్లి పైమెట్టు మీద నిలబడతాను. జాగ్రత్త అనడానికి మాత్రమే నాకు అనుమతి ఉంది.

అమ్మాయి రెండు వారాలు సెలవు పెట్టింది. ఇరవై రెండు రిజిస్టర్లు ఆటోలో వచ్చాయి. మా ఆయన గుడ్డలు కత్తిరించే బల్ల ఖాళీ చేసి ఇచ్చారు. అది పూట చదువుతుంది, నేను ఎంత కలిపానో చెప్తాను. అది పై గేజుతో, కింది గేజుతో సరిచూస్తుంది. రెండు సెంటీమీటర్ల లోపు కలిస్తే ఉంచుతుంది, లేకపోతే నా మాట కూడా కొట్టేస్తుంది. నేను లేని రోజులు, మా ఆయన రాసినవి, మధ్య మధ్యలో గట్టు రాళ్లలా నిలబడ్డాయి. వాటి దగ్గరికి చేరినప్పుడల్లా మేము సరైన దారిలో ఉన్నామో లేదో తెలిసేది.

ఇది చేయడం నేననుకున్నంత తేలిక కాదు. ప్రతి పూటకీ ఆ పూట భయాన్ని మళ్లీ తవ్వి తీయాలి. దాని పరీక్షలు, ఆయన ఛాతీలో నొప్పి, మబ్బు, ఫోను మోగకపోవడం. ఒక్కొక్కటీ చెప్తుంటే అమ్మాయి టైపు చేస్తూ చేస్తూ ఆగిపోయేది. "ఇదంతా ఎప్పుడూ చెప్పలేదేం?" అంది ఒకసారి.

"చెప్తే నీకూ భయమేస్తుందని."

"అందుకని నదికి చెప్పావా?"

నాలుగు రోజులకి మూడో ఏడు మధ్యకి వచ్చాం. దిద్దిన అంకెలన్నీ అది తెర మీద నీలం గీతగా పెడుతోంది. ముందు మునివేళ్ల మీద నిలబడిన గీత ఇప్పుడు ఎర్రదానికీ నల్లదానికీ మధ్యకి వచ్చి, వాటితో పాటే దిగడం మొదలుపెట్టింది. నా నోటితో నేనే ఒక్కొక్క మాటా చెప్పి నదిని దించుతున్నాను. పదకొండేళ్లలో నది ఇంత పోయిందని నా కళ్లకి రోజూ కనబడింది. రోజూ కలిపి, నేనే కనబడకుండా చేసుకున్నాను. ఒక పూటైతే లేచి పెరట్లోకి వెళ్లిపోదామనిపించింది. వెళ్లలేదు. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాను.

శుక్రవారం సాయంత్రం మా ఆయన వంతెన నుంచి వచ్చి, "ఇరవై ఏడు" అని గోడకి చెప్పినట్టు చెప్పి, రాసి, పంపి, మిషన్ ముందు కూర్చున్నారు. అమ్మాయి పేజీ తిప్పింది.

"మూడో ఏడు. నాలుగో నెల పదకొండు, ఉదయం. యాభై రెండు."

నేను ఆ రోజు కోసం వెతికాను. ఎవరికీ జ్వరం లేదు. ఎవరూ ప్రయాణంలో లేరు. రిజిస్టరు తిప్పి చూశాను. మామూలు అక్షరాలే. రిమార్కుల గడిలో ఏమీ లేదు. ఆ ఏడు సాధారణంగా అయిదు కలిపేదాన్ని, ఆ నెలలో కొన్ని రోజులు ఏడు. అయిదు అంటే సరిపోతుంది. అమ్మాయి లెక్కలో కలిసినా కలుస్తుంది. ఆ ముందు రోజూ ఉంది, తర్వాత రోజూ ఉంది, మధ్యలో ఒక్క ఖాళీ. ఆ ఖాళీని చూస్తే ఆ పూట నది దగ్గర ఎవరూ లేనట్టు, ఏదైనా జరిగిపోయి ఉండొచ్చన్నట్టు ఉంది. నాలుక చివరిదాకా అయిదు వచ్చింది.

అమ్మాయి వేళ్లు మీటల మీద పెట్టి నా కోసం ఆగింది. తొందర పెట్టలేదు.

"తెలీదు" అన్నాను.

"అయిదని వేయనా? సరిపోయేలా ఉంది."

"వద్దు. నాకు తెలీదు. ఖాళీగా వదిలెయ్."

అది ఏమీ వేయకుండా కింది గడిలోకి దిగింది. "అదే రోజు సాయంత్రం" అంది.

"ఊఁ. చదువు."